ఏసీలో కాయ నిలుస్తుంది... ధర నిలుస్తుందా?

పోస్టు పెద్దది, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. మీలో కొందరికి కోపం కూడా వస్తుంది. వచ్చినా పర్లేదు, చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మొన్న మా మండలంలో ఒక మీటింగు జరిగింది. నాయకుడు మైకు పట్టుకుని "మండలానికో కోల్డ్ స్టోరేజీ కట్టిస్తాం, ఇక రైతు పంటని అడ్డికి పావుసేరు అమ్ముకునే పనుండదు" అన్నాడు. మనోళ్లు చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, నేనూ కొట్టా. కొట్టి ఇంటికొచ్చి బీరువా తీశా, పోయినసారి ఏసీలో పెట్టిన మిర్చి రసీదు కనపడింది. ఆ కాగితం చూశాక, ఎందుకు కొట్టాన్రా చప్పట్లు అనిపించింది.

ఆ లెక్క మీ ముందు పెడతా. దాచుకునేదేం లేదు.

2024 ఏప్రిల్. తేజ కాయలు. కల్లంలో బాగా ఆరినయ్, పిడికిట్లో పట్టుకుంటే గలగలమన్నయ్. 60 టిక్కీలు, కాటాకి 25 క్వింటాళ్లు. యార్డులో నాకు 18,500 అడిగారు. అంటే 4,62,500. నేనివ్వలా. అంతకుముందు 2022లో ఏసీలో పెట్టినోళ్లకి బాగా కలిసొచ్చింది కదా, మా బాబాయి కొడుకు ఆ డబ్బులతో ట్రాక్టరు కొన్నాడు, అది కళ్లలో మెదులుతా ఉంది. ఆగితే పాతిక వేలు దాటుతుంది అనుకున్నా. పెట్టా. ఇంట్లో అవసరానికి ఆ సరుకు మీదే కోల్డ్ స్టోరేజీ వాళ్ల దగ్గర 2 లక్షలు తీసుకున్నా, నూటికి రూపాయిన్నర వడ్డీ.

జూన్‌లో కాస్త తగ్గింది, దసరాకి లేస్తుందన్నారు. దసరాకి లేవలా, సంక్రాంతికన్నారు. సంక్రాంతికి కొత్త కాయలు దిగినయ్. 2025 ఫిబ్రవరిలో 11,200కి అమ్ముకున్నా. కాటాకి అర క్వింటా తరుగొచ్చింది. 24 క్వింటాళ్ల 50 కేజీలకి 2,74,400. అందులో ఏసీ అద్దె 13,200, హమాలీ 2,400, పది నెలల వడ్డీ 30,000. చేతికి మిగిలింది 2,28,800.

అప్పుడే అమ్ముకుంటే వచ్చేదానికీ దీనికీ తేడా 2,33,700 రూపాయలు. నా కాయ చెడిపోలా. రంగు దిగలా, పురుగు పట్టలా, బూజు రాలా. ఏసీ దాని పని అది సక్రమంగానే చేసింది. మునిగింది నేను.

ఇక్కడే నా గొడవంతా. మనం కోల్డ్ స్టోరేజీని ధరలు కాపాడే యంత్రం అనుకుంటున్నాం. అది పంటని కాపాడే యంత్రం. ఆ రెండూ ఒకటి కాదు.

చల్లదనం చేసే పని ఏందో ఒకసారి చూద్దాం. కోసిన కాయ, పండు చచ్చిపోయిన వస్తువు కాదు. చెట్టు నుంచి తెంపినా ఊపిరి తీస్తానే ఉంటుంది. లోపలున్న చక్కెరని తింటా, వేడిని బయటకి వదుల్తా ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి రెండింతలో మూడింతలో అవుతుంది, అంత తొందరగా పాడైపోతుంది. చల్లబరిస్తే నెమ్మదిస్తుంది. బూజూ, కుళ్లు పుట్టించే సూక్ష్మజీవులూ కూడా అంతే, చలికి చావవు, బద్ధకిస్తాయి. బయటకి తీయంగానే మళ్లీ లేస్తాయి. ఎండుమిర్చి ఊపిరి ఎట్టాగూ ఆగిపోయింది, దానికి కావాల్సింది రంగు నిలవటం, పురుగు పట్టకపోవటం. వేడీ, వెలుతురూ, గాలీ కలిస్తే ఎరుపు తెల్లబోతుంది. చలీ చీకటీ అందుకే. అంతవరకు శాస్త్రం గట్టిదే, దాని మీద నాకేం గొడవ లేదు.

కానీ ఒక్కో పంటకి ఒక్కో చలి కావాలి. మండలానికో కోల్డ్ స్టోరేజీ అని చప్పట్లు కొట్టామే, అందులో ఏం పెడతాం? మిర్చి ఏసీలో నాలుగైదు నుంచి ఎనిమిది డిగ్రీల దాకా ఉంటుంది. అదే గదిలో టమాటా పెట్టండి చూద్దాం. పచ్చిగా ఉన్న టమాటాకి 12, 13 డిగ్రీలు కావాలి. అంతకంటే బాగా చల్లగా నాలుగు రోజులు ఉంచితే చలిదెబ్బ తగులుతుంది. బయటకి తీశాక ఎర్రబడదు, మచ్చలు పడి గుంటలు తేలి మెత్తబడి కుళ్లుతుంది. అరటి కూడా అంతే, 13 కిందకి పోతే తొక్క నల్లబడుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో అరటిపండు పెడితే మీ ఆడోళ్లు ఎందుకు తిడతారో అదే కారణం. ఉల్లికి సున్నా దగ్గర చలి కావాలి, కానీ గాల్లో తేమ ఎక్కువుండకూడదు. ఆకుకూరలకేమో తేమ నిండా ఉండాలి. ఇవన్నీ ఒకే గోడౌన్‌లో ఒకే చలిలో ఎట్టా పెడతారు? నాయకుణ్ణి అడిగితే "ఇంజనీర్లు చూసుకుంటారు" అంటాడు.

ఇంకోటి. టమాటాని ఎంత పద్ధతిగా పెట్టినా రెండు మూడు వారాలే. మదనపల్లెలో, పత్తికొండలో ధర పడిపోయి కిలో రూపాయి రెండు రూపాయలకి దిగినప్పుడు ఆ పతనం రెండు వారాల్లో తేలుతుందా? ఒక్కోసారి నెలలు ఉంటుంది. ఆ రోజుల్లో కిలో మీద అద్దె కట్టి, కరెంటు కట్టి, బండి కిరాయి కట్టి దాచుకునేది ఏంది? 2023 జులైలో కిలో వంద దాటింది, నిజమే. ఆ వంద రూపాయల టమాటా ఏప్రిల్‌లో కోసి ఏ కోల్డ్ స్టోరేజీలో పెట్టినా జులైదాకా ఉండదు.

"మరి గడ్డకట్టించి దాచొచ్చు కదా అన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. గడ్డకట్టించటం వేరే విద్య. కాయలో ఉన్నదంతా నీళ్లే కదా. మెల్లగా గడ్డకడితే ఆ నీళ్లు పెద్ద పెద్ద మంచు సూదులై లోపలి గోడలు చీల్చేస్తాయి. కరిగించినప్పుడు కాయ చప్పబడి నీరు కారుతుంది. మీ ఫ్రీజర్‌లో ఒక టమాటా పెట్టి రేపు బయటకి తీసి చూడండి, నేను చెప్పక్కర్లా. తొందరగా గడ్డకట్టిస్తే సూదులు సన్నగా ఉంటాయి, కాయ నిలుస్తుంది. వందేళ్ల కిందట బర్డ్స్‌ఐ అనే అమెరికా ఆయన కెనడా ఉత్తరాన లాబ్రడార్ చలిలో అక్కడి జనం చేపని గాల్లో పెట్టంగానే రాయిలా గడ్డకట్టటం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం చూసి యంత్రం తయారుచేశాడు. మనం కొనే గడ్డకట్టిన బఠాణీ ఆ దారిలో వచ్చిందే. దానికి ముందు వేడినీళ్లలో ముంచి తీయాలి, లేకపోతే గడ్డకట్టినా లోపల రసాయనాలు పనిచేసి రంగు, రుచి పోతాయి. తర్వాత మైనస్ 18 డిగ్రీలు ఫ్యాక్టరీ నుంచి కొనేవాడి ఇంటిదాకా తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక్కచోట కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకడితే మొదటికే మోసం. అంత చేసి, నిండుగా నీళ్లున్న టమాటాకి ఆ ఖర్చు గిట్టదు. గుజ్జు తీసుకోవటం మేలు.

గడ్డకట్టించే విద్యలో మన రాష్ట్రంలో బాగా ఆరితేరింది రొయ్య. భీమవరం వైపు చెరువులో పట్టిన రొయ్య ఐసులో ప్లాంటుకి పోయి కొన్ని గంటల్లో గడ్డకట్టి విదేశాలకి పోతుంది. అంత గట్టి చలి గొలుసు మన దగ్గర ఇంకే పంటకీ లేదు. మరి 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే ఏమైంది? చెరువు గట్టు మీద కౌంటు ధర పడింది. రొయ్య కుళ్లలేదు. ధర కుళ్లింది. ఆక్వా రైతుని అడగండి, నాకంటే బాగా చెబుతాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ప్రతి మీటింగులో ఒక మాట వింటాం: "దేశంలో పండే కూరగాయలు, పండ్లలో నలభై శాతం కుళ్లిపోతున్నయ్, కోల్డ్ స్టోరేజీలు లేకే". ఈ నలభై ఎక్కణ్ణించి వచ్చింది? లూధియానాలో ఉన్న మన ఐసీఏఆర్ సంస్థ సిఫెట్ దేశమంతా కొలిచి 2015లో లెక్క ఇచ్చింది. పండ్లు, కూరగాయల్లో నష్టం పంటని బట్టి నాలుగున్నర శాతం నుంచి దాదాపు పదహారు శాతం. అన్నిటికంటే ఎక్కువ జామకి. టమాటాకి పన్నెండున్నర దగ్గర. అది తక్కువని నేననను. వందలో పన్నెండు బుట్టలు పారబోయటం చిన్న విషయం కాదు. కానీ నలభై కాదు. నలభై అంటే సబ్సిడీ ఫైలు తొందరగా కదుల్తుంది, అంతే.

సబ్సిడీ ఎవరికి పోతుందో కూడా చూడండి. ఉద్యాన పథకం కింద కోల్డ్ స్టోరేజీ కడితే ఖర్చులో 35 శాతం ఇస్తారు. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక నిధి కింద 2 కోట్ల దాకా అప్పుకి 3 శాతం వడ్డీ రాయితీ. కాగితం మీద రైతు కూడా అర్హుడే. మరి మీ చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీలు లెక్కపెట్టండి. ఎన్ని రైతులవి, ఎన్ని వ్యాపారులవి? మా వైపు నాకు తెలిసినంతలో రైతుల సంఘం కట్టుకున్నది ఒక్కటీ లేదు.

గుంటూరు చుట్టుపక్కల మనం చేసే పద్ధతి ఒకసారి దూరం నుంచి చూడండి. సరుకు దాచేది ఆయనే. దాని మీద అప్పు ఇచ్చేది ఆయనే. చాలాచోట్ల మచ్చు తీసి బేరం పెట్టేదీ ఆయన మనిషే. కొనేదీ ఒక్కోసారి ఆయన బావమరిది పేరు మీద కొట్టే. మనం ఎన్ని టిక్కీలు పెట్టామో, ఎంత అప్పులో ఉన్నామో, పిల్ల పెళ్లి ఎప్పుడో ఆయనకి తెలుసు. ఆయన దగ్గర ఎన్ని టిక్కీలు ఉన్నయ్యో మనకి తెలియదు. పక్క ఏసీలో ఎన్ని ఉన్నయ్యో అసలు తెలియదు. పేకాటలో మన ముక్కలు తిప్పి పెట్టి ఆడుతున్నాం. ఓడిపోతే మళ్లీ ఖర్మ అంటాం.

2022లో ధర ఎందుకు లేచింది? నల్ల తామర పురుగు పడి చేలు పోయినయ్ కాబట్టి. పండింది తక్కువ, కాబట్టి దాచినోడు గెలిచాడు. అది ఏసీ మహిమ కాదు. ఆ ధర చూసి అందరం మిర్చే వేశాం, అందరం ఏసీలోనే పెట్టాం. 2024 చివర్లో ఏసీల్లో పాత కాయ ఉండగానే కొత్త కాయ వచ్చి పడింది. పాతదీ కొత్తదీ కలిసి మన నెత్తిన కూర్చున్నయ్. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటా 11,781 అని ప్రకటించాల్సి వచ్చిందంటేనే మార్కెట్ ఎంత లోతుకి దిగిందో అర్థం చేసుకోండి. మిర్చికి మద్దతు ధర లేదని మనందరికీ తెలుసు. అందరూ ఒకేసారి దాచుకుంటే అది దాచుకోవటం కాదు, పతనాన్ని పది నెలలు వాయిదా వేసుకోవటం, అద్దె కట్టి మరీ.

మరి ఎదురు వాదన కూడా చెబుతా, నిజాయితీగా ఉండాలి కదా. కోల్డ్ స్టోరేజీలే లేకపోతే? ఏప్రిల్ ఎండలో మొత్తం సరుకు ఒకేసారి యార్డుకి పోతే నా 18,500 కూడా ఉండేది కాదు. మా నాన్న రోజుల్లో ఇంట్లో కుప్ప పోసుకుని వానకి నెమ్ము తగిలి తెల్లబోయిన కాయని తాలు ధరకి ఇచ్చుకున్నారు. ఏసీ వచ్చాక ఆ బాధ పోయింది. అందుకే కోల్డ్ స్టోరేజీ వద్దని నేననను. ఎవరి చేతిలో, ఏ షరతు మీద అని అడుగుతున్నా.

చలి నిజంగా రైతు చేతికి డబ్బు తెచ్చిన చోటు మన ఊళ్లోనే ఉంది, మనం దాన్ని కోల్డ్ స్టోరేజీ అనుకోం. పాల కేంద్రం. పొద్దున పిండిన పాలు గంటా రెండు గంటల్లో కూలర్‌లో పడి నాలుగు డిగ్రీలకి దిగుతాయి. వెన్న శాతం కొలిచి ధర కడతారు, ఆ మీటరు మన కళ్లముందే ఉంటుంది. చలి మన గడపకి దగ్గరలో ఉంది, కొలత కనపడుతుంది, డబ్బులు పది పదిహేను రోజులకి పడతాయి. ఆ మూడూ లేకుండా ఎన్ని కోట్ల గోడౌన్ కట్టినా అది వేరేవాడి గోడౌనే.

కూరగాయలకి కూడా ముందు కావాల్సింది ఊళ్లో చల్లబరిచే చిన్న గది. ఎండలో కోసి, గోనెల్లో కుక్కి, సాయంత్రం దాకా లారీ కోసం చెట్టు కింద పెట్టినప్పుడే సగం ప్రాణం పోతుంది. ఆ తర్వాత ఎంత చల్లటి చోట పెట్టినా పోయింది తిరిగిరాదు. తెల్లవారుజామున కోయండి, ప్లాస్టిక్ క్రేట్లలో పెట్టండి, నీడకి చేర్చండి. కరెంటు అక్కర్లేనిది కూడా ఒకటుంది. ఢిల్లీలో మన వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు 1980ల్లో చూపించారు: రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో ఇసుక, ఇసుకని పొద్దునా సాయంత్రం తడపటం. మనింట్లో కుండలో నీళ్లు చల్లబడే కిటుకే. రాయలసీమ పొడి ఎండలో బాగా పనిచేస్తుంది, మన కోస్తా ఉక్కలో అంత చేయదు. ఆకుకూరలు, వంకాయలు రెండు మూడు రోజులు ఎక్కువ నిలిస్తే సంతకి మనం అనుకున్న రోజున పోవచ్చు. దీనికి శంకుస్థాపన ఉండదు కాబట్టి ఏ నాయకుడూ మాట్లాడడు.

తప్పు మనలో కూడా ఉంది, అది కూడా అనాలి. కాటాకి బరువు రావాలని టిక్కీ కుట్టే ముందు నీళ్లు చల్లేది ఎవరు? మనమే. తేమ పది పన్నెండు శాతం దాటితే ఏసీలో కూడా బూజు పడుతుంది, ఆ బూజు విషం పేరు అఫ్లాటాక్సిన్, ఎగుమతి కంటైనరు వెనక్కొస్తే ఆ ఏడు మొత్తం యార్డు దెబ్బతింటుంది. ఒకడు చల్లిన చెంబెడు నీళ్లకి వెయ్యిమంది కడతారు. ఇంకా, ఏసీ నుంచి తీసిన టిక్కీని వెంటనే విప్పకండి. చల్లటి కాయకి బయటి గాలి తగిలితే చెమట పడుతుంది, నెమ్ము అక్కడే మొదలవుతుంది. నీడలో పెట్టి, చల్లదనం పోయాక విప్పాలి. హమాలీ తొందరపెడతాడు, పెట్టనీండి.

మరి ఏం అడగాలి? చప్పట్లు కొట్టేముందు ఇవి అడగండి అంటా.

ప్రతి వారం ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు ఉన్నయ్యో యార్డు బోర్డు మీద రాయాలి. తేజ ఎన్ని, 334 ఎన్ని, బ్యాడిగి ఎన్ని. పేర్లు అక్కర్లా, లెక్క చాలు. 2024 అక్టోబరులో ఆ లెక్క నాకు కనపడి ఉంటే నేను సంక్రాంతిదాకా ఆగేవాణ్ణి కాదు. దీనికి కోట్లు ఖర్చు కాదు. ఒక సుద్దముక్క చాలు.

అద్దె, బీమా, నష్టపరిహారం మీద చట్టం కావాలి. 1964 నుంచి దేశంలో కోల్డ్ స్టోరేజీలకి లైసెన్సు ఉత్తర్వులు ఉండేవి, 1997లో ఎత్తేశారు. కానీ బెంగాల్ 1966లో, ఉత్తరప్రదేశ్ 1976లో తమ సొంత చట్టాలు చేసుకున్నాయి, అక్కడ బంగాళాదుంప రైతుకి కనీసం పట్టుకోటానికి ఒక కాగితం ఉంది. బెంగాల్లో అద్దె ప్రభుత్వమే ప్రకటిస్తుంది. అక్కడ రైతులంతా సుఖంగా ఉన్నారని కాదు, ఆలుగడ్డ ధర పడితే వాళ్లూ ఏడుస్తారు. కానీ గోడౌన్ తగలబడితే ఎవడు కట్టాలి అనే ప్రశ్నకి అక్కడ జవాబు వెతుక్కోటానికి ఒక చోటుంది. మన జిల్లాల్లో కోల్డ్ స్టోరేజీల్లో మంటలు లేచిన వార్తలు మీరూ చూశారు. గేటు ముందు రైతులు కూర్చున్న ఫొటోలూ చూశారు.

అప్పు బ్యాంకు నుంచి రావాలి. 2007 గిడ్డంగుల చట్టం కింద రిజిస్టరైన గిడ్డంగి ఇచ్చే రసీదు మీద, కిసాన్ కార్డున్న చిన్న సన్నకారు రైతుకి కోత తర్వాత ఆరు నెలలదాకా రాయితీ వడ్డీకి, అంటే 7 శాతానికి, అప్పు ఇవ్వాలని పథకం ఉంది. నేను కట్టింది 18 శాతం. మీ కోల్డ్ స్టోరేజీకి ఆ రిజిస్ట్రేషన్ ఉందా అని ఒక్కసారి అడిగి చూడండి, వాళ్ల మొహం చూస్తే సగం జవాబు తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ లేని రసీదు ఆ పథకం కింద చెల్లదు, అందుకే మనం మళ్లీ ఆయన దగ్గరికే పోతున్నాం.

నేనైతే ఈ ఏడు ఇట్టా చేస్తున్నా. మూడో వంతు కల్లం నుంచే యార్డుకి. మూడో వంతు ఏసీలో, ఆగస్టుదాకా, అప్పు లేకుండా. మిగతాది ధరని బట్టి. 18,500 అడిగితే పాతిక కోసం ఆగను. మా ఇంటావిడ ఈ మాట గోడ మీద రాయించమంటోంది, నా మీద నమ్మకం అంత!

వచ్చే సోమవారం మా ఊరి నుంచి పద్నాలుగు మందిమి యార్డు ఆఫీసుకి పోతున్నాం, టిక్కీల లెక్క బోర్డు మీద పెట్టమని అర్జీ ఇవ్వటానికి. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరతాం. మీలో వచ్చేవాళ్లు మీ ఏసీ రసీదు తెచ్చుకోండి, తెచ్చేముందు దాని వెనకవైపు సన్న అక్షరాల్లో ఏముందో కళ్లజోడు పెట్టుకుని చదవండి. నా రసీదు వెనక "అగ్ని ప్రమాదం, కరెంటు అంతరాయం వలన కలుగు నష్టమునకు యాజమాన్యము బాధ్యత వహించదు" అని ఉంది. పది నెలలు బీరువాలో పెట్టుకుని మొన్ననే చదివా.